నేను బొటనవేలు చూడని రోజు

మా గది తలుపు మీద ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు ఉండేది. నా సర్వీసు మొత్తంలో దాన్ని చదివిన రోగిని నేను చూడలేదు. తిరుపతి చుట్టుపక్కల అందరికీ అది కరెంటు రూము. "కరెంటు పెడతారంట" అని ఒకరికొకరు చెప్పుకుంటూ బయట బెంచీ మీద కూర్చునేవాళ్లు. లోపలి నుంచి ఎవరైనా "అబ్బా" అన్నారంటే బెంచీ మీద ఉన్నవాళ్లలో ఒకరిద్దరు లేచి బాత్రూముకు పోయేవాళ్లు. కొందరు అటునుంచి అటే బస్టాండుకు పోయేవాళ్లు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకూ, ఈ పరీక్ష చేయించుకోవాల్సి వచ్చినవాళ్లకూ కలిపి రాస్తున్నాను. పరీక్షలో భయపడాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఆ రోజు ఒంటికి నూనె, క్రీము రాసుకోకండి. పస్తు ఉండనక్కర్లేదు, తిని రండి. ఉంగరాలు, గాజులు, గడియారం ఇంట్లో పెట్టి రండి. గుండెకు మిషను పెట్టి ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు మింగుతున్నా ముందే చెప్పండి. చేతి మీదో కాలి మీదో చిన్న బిళ్లలు అంటించి, నరం పోయే దారిలో కాస్త కరెంటు పెడతారు. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు జివ్వుమంటుందే, అట్లా ఉంటుంది. మీరు కదపకుండానే చెయ్యి ఎగురుతుంది. అప్పుడు తెర మీద గీత గుట్టలాగా లేస్తుంది. దాన్ని బట్టి నరంలో కబురు ఎంత వేగంగా, ఎంత బలంగా పోతోందో కొలుస్తారు. ఆ తర్వాత సూది. సన్నటి సూదిని కండలోకి గుచ్చి డాక్టరు దాని చప్పుడు వింటారు. సూదిలో కరెంటు ఉండదు. కండ బిగిస్తే తిరగమోతలో ఆవాలు చిటపటలాడినట్టు స్పీకర్లో వినిపిస్తుంది. ఒకటి రెండు రోజులు ఆ చోట నొప్పి ఉండొచ్చు. అంతే.

ఇంత తేలికగా రాస్తున్నాను గానీ, ఈ పరీక్షకు వచ్చిన ఒక మనిషికి చెయ్యి పోయేదాకా వచ్చింది. కరెంటుకూ దానికీ సంబంధం లేదు. నా నోటి వల్ల వచ్చింది.

మా గదిలో మాకు ఒక భాష ఉండేది. కరెంటు పెట్టినప్పుడు తెర మీద గుట్ట లేవకపోతే రిపోర్టులో "స్పందన లేదు" అని రాస్తాం. నోటితో మాత్రం "చచ్చింది" అంటాం. కుడికాలు చచ్చింది. ఎడమచెయ్యి సగం చచ్చింది. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరేటప్పటికే ఉంది, నేను దాన్ని పెంచి పోషించాను. రోగుల్ని వరసగా లోపలికి పంపే ఆయమ్మ ఒకావిడ ఉండేది, నా వయసుదే. భోజనాల వేళ డబ్బా విప్పుతూ "పొద్దున్నించి ఎన్నింటిని సంపినావన్నా?" అని అడిగేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. బల్ల మీద పడుకున్న మనిషికి ఆ మాట ఎట్లా వినపడుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

రిటైరవడానికి ఇంకా కొంతకాలం ఉందనగా, ఒక శుక్రవారం, కార్వేటినగరం దగ్గర నర్సరీలో మామిడి అంట్లు కట్టే ఆయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. భార్య తోడొచ్చింది. కుడిచేతి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకుంటే గానీ తగ్గదు. అంటు కోసే కత్తి పట్టు జారుతోంది. అంటు కోత వెంట్రుకవాసి వంకర పోయినా అతకదు కాబట్టి, ఇక ఆయన్ను పనిలోంచి తీసేస్తారేమోనని ఇద్దరికీ దిగులు. మా డాక్టరమ్మకు చూడగానే అర్థమైంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోంది. రోజంతా కత్తి బిగించి పట్టుకునేవాళ్లకు వచ్చేదే. చిన్న ఆపరేషనుతో తగ్గుతుంది. ఎంత నొక్కుకుపోయిందో తేల్చమని నా దగ్గరికి పంపారు.

బల్ల మీద పడుకున్నాక ఆయన ఒకే ఒక మాట అడిగాడు. కరెంటు పెడితే గుండె ఆగిపోదు గదా అని. ఆగిపోదు, కదలకుండా పడుకో అన్నాను. అందరికీ చెప్పేదే, అదే గొంతుతో చెప్పాను. ముఖం కూడా చూసి ఉండను.

బిళ్లల నుంచి యంత్రానికి పోయే తీగల్లో ఒకటి ప్లగ్గు దగ్గర నలిగి ఉంది. సాపుగా ఉంటే పనిచేసేది, వంగితే లోపల తెగేది. మార్చాలని వారం నుంచీ అనుకుంటున్నాను. అనుకుంటూనే ఉన్నాను.

కరెంటు పెట్టాను. గీత లేవలేదు. పెంచాను. లేవలేదు. సన్నగా వణుకుతూ ఉండిపోయింది. తీగ బాగా లేనప్పుడు గదిలోని కరెంటు తెచ్చే వణుకు అది. నేను ఎంతమందికి పాఠం చెప్పానో. గీత లేవకపోతే ముందు తీగను అనుమానించు, ఆ తర్వాత నీ చేతిని, అన్నిటికన్నా చివర రోగి నరాన్ని అని. ఇంకోటి కూడా చెప్పేవాణ్ని. తెర కన్నా ముందు బొటనవేలు చూడు, వేలు ఎగిరిందంటే నరం పలికినట్టే అని. ఆ రోజు నేను తెరనే చూస్తూ కూర్చున్నాను.

ఆయమ్మ తలుపు సగం తీసి, "అయిపోయిందా అన్నా? బయట జనం అరస్తాండారు" అంది.

నేను వెనక్కి తిరగకుండానే, "యాడ అయింది? ఇది చచ్చింది. పూర్తిగా చచ్చిపోయింది" అన్నాను.

మిగతా నరాలు మధ్యాహ్నం సూదితో పాటు చూద్దామని, బయట కూర్చోమని చెప్పి బిళ్లలు పీకేశాను. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని బయటికి పోయాడు.

తర్వాత వచ్చినావిడ స్కూలు టీచరు. చక్కెర జబ్బు ఉంది గానీ చేతులు నిక్షేపంగా ఉన్నాయి. ఆవిడకూ గీత లేవలేదు. ఆవిడ నవ్వుతూ, "సార్, నా వేలు చూడండి, తనంతట తానే ఎట్లా ఎగురుతోందో" అంది. చూశాను. బొటనవేలు ఎగురుతోంది, తెర మీద ఏమీ లేదు. నలిగిన తీగను రెండు వేళ్లతో సాపుగా పట్టుకుని మళ్లీ నొక్కాను. గుట్ట లేచింది.

బయటికి పరుగెత్తాను. బెంచీ మీద వాళ్లిద్దరూ లేరు. అయిపోయిందని చెప్పి భార్యను తీసుకుని వెళ్లిపోయాడంది ఆయమ్మ. చీటీలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఇప్పటిదాకా చెప్పింది పొరపాటు. ఇక్కడి నుంచి చెప్పేది తప్పు. డాక్టరమ్మ అడిగితే, సూదికి భయపడి వెళ్లిపోయాడు మేడమ్ అన్నాను. అది జరగనిదేమీ కాదు, అట్లా పోయేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఆవిడ నమ్మారు. తీగ మార్చాను. పాతదాన్ని కాగితంలో చుట్టి చెత్తడబ్బాలో అడుక్కు తోశాను. ఇన్నేళ్ల పేరు పోతుందనే భయం తప్ప నాకు ఆ పూట ఇంకేమీ గుర్తు లేదు. వాళ్లే మళ్లీ వస్తారు, అప్పుడు సరిగ్గా చేస్తే సరిపోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

శనివారం సాయంత్రం డ్యూటీ దిగి పోతుంటే ఆయమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. పొద్దున్నించీ నాతో మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"అన్నా, నిన్న ఆ అంట్లు కట్టే ఆయప్ప బయటికొచ్చి నన్నొక మాట అడిగినాడు."

"ఏమని?"

"అమ్మా, సచ్చిపోయినేది తిరిగి బతికేది యాడన్నా ఉంటాదా అని. మన రూము మాట ఆయప్ప ఇని ఉంటాడని నాకు తట్టలేదన్నా. ఏందో నవ్వులాటకు అడగతాండాడనుకోని, యాడా ఉండదు నాయనా అన్న్యా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయప్ప నవ్వలేదన్నా. నాకు నిన్నట్నుంచి అన్నం పోలేదు."

ఆవిడది పుత్తూరు పక్క పల్లె. ఆ నర్సరీ ఎక్కడుందో తెలుసు. ఆదివారం ఉదయం ఇద్దరం పుత్తూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో కార్వేటినగరం దారి పట్టాం. డాక్టరమ్మకు చెబుదామా అని దారిలో రెండుసార్లు అడిగింది. ముందు పోయి చూద్దాం అన్నాను. ఆటో ప్రతి మలుపు తిరిగినప్పుడల్లా ఆ ఇంటి ముందు జనం గుమిగూడి ఉంటారేమోనని తల బయటికి పెట్టి చూసేవాణ్ని. చచ్చిపోయిందన్న మాట విని ఇంటికి పోయిన మనిషి ఏమేం చేయొచ్చో, ఒక్కొక్కటే తలలోకి వచ్చింది.

జనం లేరు. నీడ కోసం కట్టిన పచ్చ వల కింద సంచుల్లో అంట్లు వరసలుగా ఉన్నాయి. దాని చివర రేకుల ఇల్లు. ఆయన భార్య గడప మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. లేవలేదు.

"కోసేదానికి వచ్చినారా సార్?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆయమ్మకు అర్థమైంది, నన్ను దాటుకుని లోపలికి పోయింది.

ఆయన చాప మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కుడిచేతికి అంట్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు. మణికట్టు దగ్గర ఒకటి. దాని పైన ఇంకొకటి. మోచేతికి కింద ఒకటి. భుజానికి జానెడు కింద, కండలోకి దిగిపోయేంత బిగుతుగా మరొకటి. వేళ్లు ఉబ్బి వంకాయ రంగుకు తిరిగి ఉన్నాయి.

ఆయనే చెప్పాడు, చాలా నెమ్మదిగా, నాకు పని నేర్పిస్తున్నట్టు. "మొన్న వస్తానే మణికట్టుకాడ కట్టినా సార్. తెల్లారేతలికి తిమ్మిరి ఇంకా పైకొచ్చింది. సావు ఎక్కతాండాదని దానికి పైన కట్టినా. మళ్లీ ఎక్కింది. మళ్లీ పైన కట్టినా. అంటుకు గూడా ఇంతే గదా. కొన ఎండితే ఎండు దిగతానే ఉంటాది. పచ్చిగా ఉండేకాడికి కోసేస్తేనే మిగిలింది బతికేది. సెట్టుకయితే కిందికి దిగతాది. మనిసికయితే గుండెకాడికి ఎక్కతాది."

పట్టీ బిగిసి తిమ్మిరి పైకి పాకుతోంది. తిమ్మిరి పాకిందని ఆయన ఇంకో పట్టీ బిగిస్తున్నాడు. అట్లా మెట్టు మెట్టుగా భుజం దాకా వచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. వాళ్ల చిన్నాయనకు చక్కెర జబ్బుతో మొదట కాలివేలు చచ్చిపోయిందన్నారట, తీసేశారు. తర్వాత పాదం చచ్చిందన్నారు. తర్వాత మోకాలు. ఆ తర్వాత చిన్నాయనే లేడు. చచ్చిపోయింది అని ఆసుపత్రిలో అంటే దానికి ఆ ఇంట్లో ఒకటే అర్థం.

"కత్తి బియ్యం డబ్బాలో దాసిపెట్టినా," అంది భార్య గడప దగ్గరి నుంచే. "నిన్నట్నుంచి ఇమ్మని ఒకటే పోరు సార్."

నేను ఆయన ముందు కూర్చున్నాను. "నీ చెయ్యి చావలేదప్పా. నా తీగ పాడైంది. నేను చూసుకోలేదు. నోటికొచ్చింది అన్నాను."

ఆయన నా ముఖం వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండుననిపించింది. "బొటనేలు ఎగిరింది సార్. నేను సూసినా. అయితే బల్లి తోక గూడా తెగినాక ఎగరతాది గదా అనుకున్యా. మీరు సదువుకున్నోళ్లు సెప్పినాక నా కండ్లదేముంది."

భార్య డబ్బాలోంచి కత్తి తెచ్చింది. అంచుకు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. నేను అందుకున్నాను గానీ ఉబ్బిన కండలో కూరుకుపోయిన పట్టీ కింద దూర్చలేకపోయాను. ఆయమ్మ నా చేతిలోంచి లాక్కుని ఒక్కొక్కటే కోసింది. చివరిది తెగగానే ఆయన పెట్టిన కేకకు బయట నర్సరీలో నీళ్లు పడుతున్నవాళ్లు వచ్చేశారు. చెయ్యి ఎత్తమన్నాను. మణికట్టు నుంచి కిందికి వేలాడింది. వేళ్లు ముట్టుకుంటే తెలియడం లేదన్నాడు.

ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోతూ ఆటోలోంచే డాక్టరమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తీగ, చెత్తడబ్బా, అన్నీ. "చెయ్యి ఏ రంగులో ఉందో చెప్పండి. వేడిగా ఉందా, చల్లగా ఉందా? మిగతావి తర్వాత" అన్నారు.

రక్తం ఆడింది. చెయ్యి తీయాల్సిన పని లేదని ఆ సాయంత్రానికి తేలింది. కానీ అది పైకి లేవలేదు. డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. అరవలేదు. "మీరు శుక్రవారమే నిజం చెప్పి ఉంటే ఆ సాయంత్రమే వాళ్ల ఊరికి మనిషిని పంపేదాన్ని. అప్పటికి మణికట్టు దగ్గర ఒక్క పట్టీ ఉండేది" అన్నారు. తర్వాత మెమో వచ్చింది, జవాబు రాశాను, శిక్ష వేశారు. ఆ ఒక్క మాట ముందు అవేవీ లెక్కలోకి రావు.

ఇప్పుడు ఆ గదిలో కూర్చునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. రిపోర్టులో ఏ మాట రాస్తారో నోటితోనూ ఆ మాటే అనండి. రోగి కరెంటుకు భయపడుతున్నాడని మీరు అనుకుంటారు. అతను మీ ముఖానికి, మీ నిట్టూర్పుకు, తలుపు దగ్గర మీరు ఎవరితోనో అనే ముక్కకు భయపడుతుంటాడు. ఇది తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది, అదీ ఇంకొకరి చేతిని పణంగా పెట్టి.

మూడు వారాలు ఆగి పరీక్ష చేయాలన్నారు డాక్టరమ్మ. భార్యాభర్తలను కూర్చోబెట్టి, నన్ను కూడా ఉండమని, విడమరిచి చెప్పారు. భుజం కింద కట్టిన చోట నరం నలిగి కబురు ఆగిపోయింది. అక్కడ ఆగడం వరకే అయితే దాని కింద నరం బాగానే ఉంటుంది, కింద కరెంటు పెడితే చెయ్యి ఎగురుతుంది. అట్లా ఎగిరితే నెలల్లో చెయ్యి తిరిగి వస్తుంది. నరం లోపల తెగిపోయి ఉంటే ఇన్నాళ్లకు కింద భాగం కూడా పలకదు. అప్పుడు ఏమీ చెప్పలేం. అంటే శుక్రవారం నాడు నేను ఊరికే అన్న మాట నిజమైందో లేదో ఆ రోజు తేలుతుంది.

ఆ మూడు వారాలూ నాకు ఎట్లా గడిచాయో రాయలేను. ఒకరోజు అలిపిరి దాకా పోయాను. మొదటి మెట్టు దగ్గర కర్పూరం వెలిగించేవాళ్ల పక్కన నిలబడ్డాను. ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. నా తప్పును నువ్వు సర్దు అని అడిగే ముఖం లేక వెనక్కి వచ్చాను.

పరీక్ష రోజు డాక్టరమ్మ ఇంకొక టెక్నీషియన్‌ను రమ్మన్నారు. అంట్లు కట్టే ఆయన బల్ల మీద పడుకుంటూ, "ఆ సారే సెయ్యనీమ్మా. ఈతూరి నాకన్నా ఆయప్పకే బయం జాస్తి" అన్నాడు. ఆయమ్మ తలుపు దగ్గర నవ్వబోయి ఆగింది.

తీగలన్నీ ముందు నా చేతికి పెట్టుకుని చూశాను. నా బొటనవేలు ఎగరడం, తెర మీద గుట్ట లేవడం ఆయనకు చూపించాను. తర్వాత ఆయన చేతికి బిళ్లలు అంటించాను. పట్టీ మచ్చ ఇంకా నల్లగా ఉంది. మొదట మచ్చకు పైన పెట్టాలి. పెట్టాను. చెయ్యి కదల్లేదు. అక్కడ కదలదని అందరికీ ముందే తెలుసు.

మచ్చకు కింద, మోచేతి బయటి వైపుకు జరిపాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ తెర వైపు చూస్తున్నారు. నేను చెయ్యి తప్ప ఇంకేమీ చూడలేదు. నొక్కాను.

వేలాడుతున్న వేళ్లు లేచి పడ్డాయి. కొద్దిగానే. గాలికి లేచినట్టు.

"లేచింది," అన్నారు డాక్టరమ్మ.

ఆయన కళ్లు తెరవలేదు. "ఆ టీవీ మాట నాకొద్దమ్మా," అన్నాడు. భార్యను పిలిచాడు. "ఇట్రా. నువ్వు సెయ్యి పెట్టి సూడు."

ఆవిడ కొంగుకు చెయ్యి తుడుచుకుని వచ్చి, ఆ వేళ్ల మీద అరచెయ్యి ఆనించింది. కరెంటు పెడుతుండగా ఇంకొకరు తాకకూడదు, వద్దనాల్సిన పని అది. డాక్టరమ్మ నా వైపు చూసి కానిమ్మన్నట్టు తల ఊపారు. నేను నొక్కాను. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ నొక్కాను.

"తన్నింది," అంది.

అప్పుడు కళ్లు తెరిచాడు. తెర వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. ఆవిడ ముఖమే చూస్తూ, నాతో అన్నాడు.

"ఇంగొక్కతూరి పెట్టు సార్."